పట్టుపురుగుల కోసం మానుకున్న స్కాన్

మల్బరీ ఆకు గంపను నేను ఎప్పుడూ ఎడమ నడుము మీదే పెట్టుకుంటాను. కుడి చేతిలో కొడవలి ఉంటుంది కాబట్టి. 1993లో, ఆషాఢం గాలి తోలే రోజుల్లో ఒక ఉదయం గంప ఎత్తి ఎడమ పక్కకు ఆనించుకుంటే అది ఆనలేదు. పక్కటెముకల కింద ఏదో గట్టిగా అడ్డం వచ్చి గంపను బయటికి తోసింది. నొప్పి లేదు. చేత్తో నొక్కి చూసుకున్నాను. చెక్క తగిలినట్టు ఉంది. గంపను కుడి పక్కకు మార్చుకుని ఇంటికి వచ్చి పురుగులకు ఆకు వేశాను. నెల రోజుల పాటు కుడి పక్కనే మోశాను. ఆ నెలలో నేను చేసుకున్న వైద్యం అంతే.

అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. మాది పుంగనూరు దగ్గర ఒక పల్లె. రెండెకరాల మల్బరీ, పట్టుపురుగులు పెంచే కొట్టం ఒకటి, దాన్ని మేం పురుగుల మన అంటాం. పుట్టిల్లు కుప్పం పక్క, రామకుప్పం దాటి అడవి అంచున ఉంటుంది. మా అమ్మ మా నాయనకు సొంత అక్క కూతురు. మా వైపు అది మామూలే. నేనూ, నాకంటే ఐదేళ్లు చిన్నవాడైన తమ్ముడు కిష్టప్పా పుట్టినప్పటి నుంచీ పాలిపోయి ఉండేవాళ్లం. కళ్లల్లో తెల్లగుడ్డు పసుపుగా ఉండేది. ఊళ్లో మా ఇంటిని పచ్చకళ్లోళ్ల ఇల్లు అనేవాళ్లు. మేమూ అదేదో ఇంటి పోలిక అనుకున్నాం.

మా అమ్మ ఊరుకోలేదు. రక్తం లేని పిల్లలకు ఇనుము పెట్టాలని ఎవరో చెప్పారు. శుక్రవారం శుక్రవారం నాగలి మడక నుంచి ఇనప కర్రు ఊడదీసి, కడిగి, పొయ్యిలో ఎర్రగా కాల్చి, మజ్జిగ చెంబులో ముంచేది. చుయ్యిమనేది. పొగ వచ్చేది. ఆ మజ్జిగ గోరువెచ్చగా ఉండగానే మా ఇద్దరికీ తాగించేది. తుప్పు వాసన వచ్చేది. తమ్ముడు ముక్కు మూసుకుని తాగేవాడు. నేను అట్లాగే గటగటా తాగేదాన్ని. అమ్మ మెచ్చుకుంటుందని.

పెళ్లయ్యాక కర్రు పోయి టానిక్కులు వచ్చాయి. కూతురు కడుపులో ఉన్నప్పుడు నర్సమ్మ ఎర్రటి ఐరన్ మాత్రలు ఇచ్చింది. రక్తం పెరగలేదు. ఇంకా ఎక్కువ ఇచ్చింది. కానుపయ్యాక కూడా ఎవరు చూసినా "పాలిపోయి ఉండావు" అనడమే, ఎవరో ఒకరు సీసా తెచ్చి ఇవ్వడమే. నేనూ కాదనలేదు. ఇరవై ఏళ్లు అట్లాగే తాగాను.

గంప ఆనకపోయిన నెలకు మా ఆయన నన్ను మదనపల్లె తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు పడుకోబెట్టి పొట్ట నొక్కి, "ఈ గట్టిగా తగిలేది స్ప్లీన్. బొడ్డు దాకా దిగింది. మలేరియా ఎప్పుడైనా వచ్చిందా?" అని అడిగాడు. లేదన్నాను. రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఆరు. ఆయనా మొదట ఐరనే రాశాడు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేసి, చీటీ వైపు చాలాసేపు చూసి, "ఇది నాకు మామూలు రక్తహీనతలా అనిపించడం లేదు. బెంగుళూరు పోండి" అన్నాడు. ఆయన్ని నేను ఇప్పటికీ మంచి డాక్టరనే అంటాను. తెలియనిది తెలియదని చెప్పిన మొదటి మనిషి ఆయనే.

బెంగుళూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో రక్తం జబ్బులు చూసే డాక్టరమ్మ ఉంది. తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడేది. హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ అని ఒక పరీక్ష రాసింది. వారం తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"నీకు రక్తం తక్కువ కాదమ్మా. రక్తం తయారీలోనే తేడా. దీన్ని తలసీమియా ఇంటర్మీడియా అంటారు. పుట్టుకతో వచ్చింది. అమ్మ నుంచి ఒక పాలు, నాన్న నుంచి ఒక పాలు."

నాతో ఆ పేరు మూడుసార్లు పలికించింది. బస్సు పలమనేరు వచ్చేసరికి నా నోట్లో నుంచి పేరు పోయింది. మా ఆయన్ని అడిగాను.

"ఏదో సీమ అన్నింది. మన సీమ పేరే ఏమో," అన్నాడు.

నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. నా జబ్బు నాకే చెప్పుకోను రాలేదు. చేతిలో చీటీ ఉంది, అందులో పేరు రాసి ఉంది, నాకు చదువు రాదు.

1994లో స్ప్లీన్ తీసేశారు. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా నాలుగు బాటిళ్ల రక్తం ఎక్కించారు. ఒళ్లు తేలికైంది. గంప మళ్లీ ఎడమ పక్కన ఆనింది.

మరుసటి ఏడు మా ఊరి బడి వసారాలో ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట చదువు మొదలుపెట్టారు. పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మాని ఒకటిన్నర రోజు కదలకుండా ఉంటుంది. దాన్ని మేం జ్వరం అంటాం. ఒక పంటలో నాలుగు జ్వరాలు. పురుగులు జ్వరానికి కూర్చుంటే మాకు పని ఉండదు. ఆ రోజుల్లో నేను పలక పట్టుకుని పోయేదాన్ని. నలభై ఏళ్లకు అ ఆలు దిద్దాను. సంతకం వచ్చాక నేను పట్టుబట్టి నేర్చుకున్న మొదటి పెద్ద మాట తలసీమియా. చదువు చెప్పే పిల్ల "అదేందక్కా?" అని అడిగింది. "నా ఇంటి పేరు" అన్నాను.

స్ప్లీన్ తీశాక కొన్నేళ్లకు డాక్టరమ్మ ఫెరిటిన్ అనే పరీక్ష చేయించింది. ఒంట్లో ఇనుము ఎంత నిలవుందో అది చెబుతుంది. రిపోర్టు చూసి ఆమె ముఖం మారింది.

"నాలుగు బాటిళ్లకే ఇంత ఇనుము రాదు. ఇంట్లో ఏం తీసుకుంటావు?"

నేను గొప్పగా చెప్పాను. టానిక్కులు, మాత్రలు, చిన్నప్పటి కర్రు మజ్జిగ. ఆమె పెన్ను కింద పెట్టింది.

"ఈ జబ్బు ఉన్నవాళ్ల ఒళ్లు తిండిలో నుంచే అవసరానికి మించి ఇనుము లాక్కుంటుంది. బయటికి పంపే దారి ఒంటికి లేదు. లివర్‌లో పేరుకుంటుంది, గుండెలో పేరుకుంటుంది. నువ్వు దానికి ఇంకా ఎత్తి పోశావు."

మందనుకుని తాగిందే నా లివర్‌లో కూర్చుంది. ఇంటికి వచ్చి గూట్లో ఉన్న రెండు టానిక్కు సీసాలను పేడదిబ్బలో పోశాను. ఇనుము తీసే మాత్రలు మొదలయ్యాయి. కీళ్లు పట్టేసేవి, అన్నం సహించేది కాదు. అయినా మానలేదు. భోజనంతో పాటు టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి తక్కువ పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. రాగి సంగటి ముద్ద ఒక చేత్తో, టీ గ్లాసు ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంటే మా ఆయన అన్న, అంటే మా బావ, వాకిట్లో నుంచి చూసి నవ్వాడు.

"ఏమ్మా, సంగటికి టీ నంచుకుంటాండావా? లోకంలో యాడన్నా ఉండాదా ఇది?"

"ఈడ ఉండాది బావా, సూడు" అన్నాను.

2002లో ఇంకో దెబ్బ తగిలింది. రక్తంలో హెపటైటిస్ సి వైరస్ ఉందన్నారు. నాకు రక్తం ఎక్కించిన కాలంలో దానికి పరీక్ష అన్నిచోట్లా లేదట. ఆరు నెలలు ఇంజెక్షన్లు వేశారు. వేసిన ప్రతిసారీ చలిజ్వరం. వైరస్ పోలేదు. వాటితో కలిపి వాడే మాత్ర నా రక్తకణాలను విరగ్గొడుతుందని ఇవ్వలేదు. వైరస్ పోలేదని తెలిసిన రోజు డాక్టరమ్మ తలుపు వేసి నాతో మాట్లాడింది. ఆ మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తు.

"ఇనుము ఒకటి, ఈ వైరస్ ఒకటి. రెండూ నీ లివర్‌నే తింటున్నాయి. ఇట్లాంటి లివర్‌లో క్యాన్సర్ గడ్డ వచ్చే ప్రమాదం మామూలు మనుషుల కంటే ఎక్కువ."

"నాకు క్యాన్సర్ ఉందా?"

"లేదు. ఎప్పటికీ రాకపోవచ్చు కూడా. వస్తే మాత్రం మొదట్లో నొప్పి ఉండదు. చిన్నగా ఉన్నప్పుడు చూస్తే తీసేయగలం. నొప్పి పుట్టాక వస్తే నేను చేసేది చాలా తక్కువ. అందుకని ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్. బాగున్నా సరే. బాగున్నప్పుడే."

మా తమ్ముడి సంగతి చెప్పాను. "అతన్నీ తీసుకురా" అంది.

ఇంటికి వచ్చి క్యాలెండరులో రెండు తేదీలకు సున్నాలు చుట్టాను. వేసవిలో ఒకటి, కార్తీకంలో ఒకటి. మదనపల్లెలో స్కాన్ చేయించుకోవడం, రిపోర్టు బెంగుళూరు పంపడం. మొదటిసారి పోయినప్పుడు స్కాన్ సెంటరులో చీటీలు రాసే ఆమె అడిగింది.

"నొప్పి యాడమ్మా?"

"నొప్పి లేదు."

"నొప్పి లేకుండా యాల వచ్చినావు?"

"నొప్పి రాకుండా ఉండేదానికి."

ఆమె పక్కామె వైపు చూసి తల తిప్పింది. ఊళ్లో ఇంకా ఎక్కువ అన్నారు. మా బావ రచ్చబండ దగ్గర "లేని రోగాన్ని ఎతుక్కుంటా మదనపల్లె పోతాండాది" అన్నాడని తెలిసింది. మా ఆయన మాత్రం ఒక్కటే షరతు పెట్టాడు.

"పో, వద్దనను. ఆసుపత్రి వాసన పురుగులకు పడదు, నేరుగా మనలోకి రావద్దు. నీళ్లు పోసుకుని రా."

మూడేళ్లు తప్పకుండా పోయాను. ప్రతిసారీ ఏమీ లేదన్నారు. ఏమీ లేదు, ఏమీ లేదు అని విని విని మనసులో ధీమా వచ్చేస్తుంది. ఈ మాట చదివే వాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి.

2005 కార్తీకంలో క్యాలెండరులో సున్నా చుట్టిన రోజుకు మా పురుగులు నాలుగో జ్వరం లేచాయి. నాలుగో జ్వరం లేచిన పురుగు మేత తెలిసినవాళ్లకే తెలుసు. వారం రోజులు పగలూ రాత్రీ ఆకు వేస్తూనే ఉండాలి. పురుగులు ఆకు కొరికే చప్పుడు మన అంతా వాన కురిసినట్టు ఉంటుంది. ఒక పూట మేత తప్పితే గూడు పలచనైపోతుంది. నెల కష్టం ఆ వారంలోనే ఉంటుంది. మా ఆయన అడిగాడు.

"స్కాన్ ఎప్పుడు?"

"పురుగు గూటికెక్కినాక పోతాలే. మూడేళ్లుగా ఏముండాది, ఇప్పుడేం వస్తాది?"

ఎవరూ నన్ను ఆపలేదు. నేనే మానుకున్నాను. పురుగులు గూళ్లు కట్టాయి, గూళ్లు మంచి బరువు తూగాయి. తర్వాత ఇంకో పంట పెట్టాం. దాని నాలుగో జ్వరం కూడా నా ముందుకొచ్చింది. క్యాలెండరు మారింది. కొత్త క్యాలెండరులో సున్నాలు చుట్టడం మరిచిపోయాను. మరుసటి ఏడు రోహిణి కార్తె ఎండల్లో, పాత క్యాలెండరు అట్టను పిండి డబ్బాకు మూతగా పెట్టబోతూ ఆ సున్నా చూశాను. అప్పటికి స్కాన్ చేయించుకుని ఏడాది దాటింది.

మరునాడే మదనపల్లె పోయాను. స్కాన్ డాక్టరు యంత్రం పొట్ట మీద అటూ ఇటూ జరుపుతూ, పక్కనున్న మనిషితో ఏదో మాట్లాడుతున్నాడు. కుడి పక్కటెముకల కింద ఒకచోట ఆయన చెయ్యి ఆగింది. మాట కూడా ఆగింది. మళ్లీ అదే చోటికి తెచ్చాడు. మళ్లీ ఆపాడు.

"ఊపిరి పట్టుకోమ్మా."

పట్టుకున్నాను. చాలాసేపు పట్టుకున్నాను. వదలమని చెప్పడం ఆయన మరిచిపోయాడు.

బెంగుళూరులో సీటీ తీశారు. లివర్ కుడి పక్కన మూడున్నర సెంటీమీటర్ల గడ్డ. హెపటోసెల్యులర్ కార్సినోమా, అంటే లివర్‌లోనే పుట్టిన క్యాన్సర్. గడ్డ కోసం చేసే రక్తపరీక్ష, ఏఎఫ్‌పీ, మామూలుగానే వచ్చింది. ఆ ఒక్క పరీక్షను నమ్ముకుని ఉంటే నాకు ఏమీ లేదనుకునేదాన్ని. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఒక్కటే గడ్డ. రక్తనాళాలకు దూరంగా ఉంది. తీయొచ్చు. కార్తీకంలో వచ్చి ఉంటే ఇంకా చిన్నగా ఉండేదేమో, సూదితో కాల్చేసేవాళ్లమేమో. ఇప్పుడు కోయాలి."

"కోయండి."

"ఇంట్లో మాట్లాడుకుని రామ్మా."

"మాట్లాడను పనేముండాది? నా పొట్ట."

అయినా మాట్లాడాల్సి వచ్చింది. ఊళ్లో తెలిసింది. మా బావ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నాతో కాకుండా మా ఆయనతో అన్నాడు.

"కత్తి తగిలితే అది ఒళ్లంతా పాకతాదంట. యాభై దాటింది, బిడ్డ పెళ్లి చేసినాం. ఇంక యాల కోయించేది? ఉన్నన్ని దినాలు ఉండనీ."

మా ఆయన తల దించుకున్నాడు. నేను లోపలి నుంచి వచ్చాను.

"బావా, పోయినేడు నీ ఆవుకు పొదుగులో గడ్డ లేస్తే పుంగనూరు నుంచి డాక్టరును పిలిపించి కోయించినావే, అప్పుడు పాకతాదని అన్లేదే?"

"ఆవు వేరే, మనిషి వేరేనమ్మా."

"అవును, వేరే. ఆవు నోరు తెరిచి అడగదు. నేను అడుగుతాండాను."

బావ లేచి కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. మా ఆయన పురుగుల మనలోకి పోయి, అప్పుడే గుడ్లలో నుంచి వచ్చిన పిల్లపురుగులను తట్టలతో సహా పక్కింటి వాళ్లకు ఇచ్చి వచ్చాడు. "ఈ పంట వద్దు. పోదాం పద" అన్నాడు. డబ్బు సంగతి ఇక్కడ రాయను. ఎట్లా తెచ్చామో మాలాంటి వాళ్లందరికీ తెలిసిందే.

ఆపరేషన్ ముందు రోజు ఆసుపత్రి గుమస్తా ఆపరేషన్‌కు ఒప్పుకునే కాగితం తెచ్చి, సిరా డబ్బా తెరిచి, "వేలు ఇలా ఇవ్వమ్మా" అన్నాడు. వేలు ఇవ్వలేదు.

"నాకు సంతకం వస్తాది. దీంట్లో ఏం రాసిండారో తెలుగులో చెప్పండి. విన్నాక పెడతాను."

"అందరూ పెట్టేదేనమ్మా ఇది."

"అందరి లివరూ నా లివరూ ఒకటేనా అప్పా?"

నర్సమ్మ ఒకామె మన చిత్తూరు వైపుది. నవ్వుకుంటూ వచ్చి లైను లైను చదివి చెప్పింది. రక్తం పోవచ్చు, ఇన్‌ఫెక్షన్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. విన్నాను. ఎక్కించబోయే రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష చేశారా అని అడిగాను. చేశామని బాటిల్ మీద ముద్ర చూపించింది. అప్పుడు తెలుగులో, గుండ్రంగా, తొందర లేకుండా సంతకం పెట్టాను.

లివర్‌లో ఆ ముక్క తీసేశారు. నాలుగో రోజుకు లేచి నడిచాను. ఏడో రోజు జ్వరం వచ్చింది. కోసిన చోట నుంచి పైత్యరసం కారుతోందని పక్కన గొట్టం పెట్టారు. ఆ గొట్టంలో నుంచి ఇరవై రెండు రోజులు కారింది. సంచిలోకి పచ్చగా దిగేది. రెండుసార్లు రక్తం ఎక్కించారు. ఒకరోజు సర్జన్ "ఇంకా కారితే మళ్లీ లోపలికి పోవాల్సి వస్తుంది" అన్నాడు. ఆ రోజు ఒక్కటే నేను భయపడ్డాను. గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఇరవై మూడో రోజు సంచి ఖాళీగా ఉంది. మా ఆయన దాన్ని పైకెత్తి వెలుతురులో చూసి, దించి, మళ్లీ చూశాడు.

కోలుకోవడానికి అయిదు నెలలు పట్టింది. కాస్త నడవగలిగిన వెంటనే నేను పోయింది గుడికి కాదు. కుప్పం బస్సెక్కి రామకుప్పం పోయాను, తమ్ముడి దగ్గరికి.

నాలుగేళ్లుగా వాణ్ని పిలుస్తూనే ఉన్నాను. ప్రతిసారీ ఒక సాకు. నేను పోయేసరికి చేను గట్టున ఉన్నాడు. కళ్లు ఎప్పటిలాగే పసుపు.

"ఏందక్కా, సగమైపోయిండావు!"

"సగం తీసేసినారులే. నువ్వు పద, బెంగుళూరు పోదాం."

"ఇప్పుడెట్లక్కా? నెలకు రెండు తూర్లు ఏనుగులు రాగి చేలో పడతాండాయి. నేను లేకుంటే గింజ మిగల్దు. ఏనుగులకే బయపడనోణ్ని, గడ్డకు బయపడతానా?"

"ఒరే కిష్టా, ఏనుగు వచ్చేటప్పుడు కొమ్మలిరిగే సప్పుడన్నా వినిపిస్తాది. ఇది వచ్చేటప్పుడు సప్పుడు సెయ్యదు రా. నేను ఏడాది పాటు దాన్ని పొట్టలో పెట్టుకుని ఆకు కోసినాను. ఏమన్నా తెలిసిందనుకున్నావా?"

చీర కొంగు తీసి మచ్చ చూపించాను. పక్కటెముకల కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. వాడు చూశాడు. జోకు వేయబోయి ఆగిపోయాడు.

ఇంటికి పోయేసరికి అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆ రోజు శుక్రవారం. పొయ్యిలో కర్రు ఎర్రగా కాలుతోంది. పక్కన మజ్జిగ చెంబు. ఎప్పుడో మానేసిందనుకున్నాను, నలభై అయిదేళ్లు దాటిన కొడుక్కి ఇప్పటికీ చేస్తూనే ఉంది. నేను పక్కన కూర్చుని, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. అమ్మ పొయ్యిలోని కర్రు వైపు చూసింది.

"అయితే నేను పెట్టిందేనా బిడ్డా మీకు కీడు చేసింది?"

"నువ్వు పెట్టకపోయినా మా ఒళ్లు సంగట్లో నుంచైనా ఇనుము లాక్కునేదంట అమ్మా. ఆ పొద్దు నీకు చెప్పినోళ్లు లేరు. ఈ పొద్దు నేను చెబుతాండాను. ఇంక పెట్టొద్దు."

పట్టకారుతో కర్రును పొయ్యిలో నుంచి తీసి బయట నేల మీద పెట్టాను. చల్లారాక తమ్ముడి చేతికిచ్చాను. "ఇది మడకకు పెట్టుకో" అన్నాను. మజ్జిగ చెంబు అమ్మే ఎత్తుకుని, ఉప్పు వేసి, తనే తాగేసింది.

మూడో రోజు కుప్పంలో మేమిద్దరం బెంగుళూరు రైలెక్కాం. వాడికీ తలసీమియా ఇంటర్మీడియానే. ఫెరిటిన్ నాకంటే ఎక్కువ వచ్చింది. వైరస్ లేదు. లివర్‌లో గడ్డ లేదు. ఇనుము తీసే మాత్రలు రాశారు. బయటికి వచ్చాక వాడు రిపోర్టు నా చేతికిచ్చి, "ఏం రాసిండారో సదువక్కా" అన్నాడు. ఇంగ్లీషు పూర్తిగా రాదు నాకు. వాడి పేరు చదివాను, తలసీమియా అన్న మాటను పోల్చుకున్నాను. మిగిలింది డాక్టరమ్మ నోటితో విన్నదే చెప్పాను. వాడు నమ్మాడు.

మా అమ్మాయికి కూడా పరీక్ష చేయించాం. ఒక పాలే ఉంది, జబ్బు లేదు. అల్లుడికీ చేయించాం, అతనికి లేదు. "ఊరికే పరువు తీసుకోవడం ఎందుకు" అన్నవాళ్లు ఉన్నారు. మనవడు పుట్టాక వాళ్లే వచ్చి వాడి కళ్లల్లోకి తొంగి చూశారు. తెల్లగా ఉన్నాయి.

ఆపరేషన్ అయి ఇది మూడో ఏడు. గడ్డ మళ్లీ రావచ్చని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. రావచ్చు. వస్తే చూస్తాం. వైరస్ ఇంకా ఉంది, ఇనుము తగ్గుతోంది, సంగటితో టీ మానలేదు. గంప మళ్లీ ఎడమ పక్కనే మోస్తున్నాను. ఇప్పుడు నాకు మూడు నెలలకోసారి స్కాన్, తమ్ముడికి ఏడాదికి రెండుసార్లు. వాడి తేదీ నా తేదీతో కలిసేట్టు పెట్టుకున్నాం. మొన్న మదనపల్లెలో నేను బల్ల మీద పడుకుని ఉంటే వాడు తలుపు బయట కూర్చుని, "అక్కా, అయ్యిందా?" అని రెండుసార్లు అరిచాడు. యంత్రం పక్కటెముకల కింద ఆ చోటు మీదుగా పోయింది. డాక్టరు చెయ్యి ఆగలేదు.

పుట్టుకతో రక్తం జబ్బు ఉన్నవాళ్లకు, ఇనుము పేరుకుందని చెప్పించుకున్నవాళ్లకు, రక్తం ఎక్కించుకున్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ లివర్‌కు స్కాన్ ఎన్ని నెలలకోసారి కావాలో మీ డాక్టరును నోరు తెరిచి అడగండి. చెప్పిన తేదీని ఒళ్లు బాగున్నప్పుడు కూడా తప్పించకండి. పొలం పని, పెళ్లి పని, పురుగుల పని, అన్నీ ఆ రోజే వచ్చి మీదపడతాయి. అవి ఎప్పుడూ ఉండేవే.

మా ఇంట్లో ఇప్పుడు పట్టు గుడ్లు తెచ్చే ముందు మా ఆయన క్యాలెండరు దగ్గరికి పోతాడు. నా స్కాన్ రోజు నుంచి వెనక్కి వేళ్లు మడిచి లెక్కపెట్టి, నాలుగో జ్వరం లేచే వారం ఆ రోజు మీద పడకుండా చూసుకుని, అప్పుడు గుడ్లు తెస్తాడు. పురుగులే నా తేదీకి సర్దుకుంటున్నాయి.